ఏడికెల్లి వచ్చిన్రు?

నా స్నేహితురాలు విజయనగరం నుంచి ఒక్కరోజు కోసం హైదరాబాదు వచ్చింది. పొద్దున్నే నాంపల్లిలో దిగింది, సాయంత్రం అక్కడే తిరుగు రైలెక్కాలి. ఊరు చూడడానికని పైకి చెప్పింది గానీ, అసలు వచ్చింది నన్ను వెనక్కి తీసుకుపోవడానికి. ఇద్దరం ఒకే ఆసుపత్రిలో కళ్ళ పరీక్ష చేసే పని నేర్చుకున్నాం, పదకొండేళ్ళు పక్కపక్క గదుల్లో పనిచేశాం. ఏడాదిన్నర కిందట నేను ఆబిడ్స్‌లో ఒక కళ్ళద్దాల దుకాణానికి వచ్చేశాను. ఆమె ఇప్పుడు మా ఊళ్ళోనే సొంతంగా కొట్టు పెడుతోంది.

"బోర్డు రాసేవాడికి రేపు పేర్లు చెప్పాలే. నీ పేరు, నా పేరు. నువ్వు కళ్ళు చూడు, నేను కొట్టు చూసుకుంటాను. నువ్వు రానంటే ఇంకొకర్ని వెతుక్కోవాలి. రైలెక్కేలోగా ఏదో ఒకటి చెప్పీ," అంది, ప్లాట్‌ఫారం మీదే, సంచి నా చేతికిస్తూ.

"ముందు టీ తాగుదాం పద," అన్నాను. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు నేను ఎక్కువ మాట్లాడతాను. ఆ రోజంతా నోరు మూయలేదు.

స్టేషన్ ఎదుట ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఆమె ఉస్మానియా బిస్కట్ టీలో ముంచి, సగం అందులోనే జారవిడుచుకుంది. "అలాక్కాదు, లెక్క ఉంటుంది, చూడు," అని నేను ముంచాను. నాదీ జారింది. అంతలో ఒక పెద్దాయన అడగకుండానే మా బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని, తన సాసర్లోని బిస్కట్లు మా వైపు జరిపాడు. నా స్నేహితురాలు కంగారుగా నా వైపు చూసింది. "తీసుకో, ఇక్కడింతే," అన్నాను గర్వంగా, ఆ హోటల్ మా తాతగారిదైనట్టు.

తరవాత నడక. పబ్లిక్ గార్డెన్ చెట్ల నీడలోంచి అసెంబ్లీ తెల్లటి గుమ్మటాలు చూపించాను. నెత్తిమీద మెట్రో పోతుంటే ఆగి తలెత్తి చూసింది. ఎగ్జిబిషన్ గ్రౌండ్ గేటు మూసి ఉంది. "జనవరిలో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు రా, ఇక్కడ కాలు పెట్టే చోటుండదు," అన్నాను. "జనవరికి నువ్వు మనూళ్ళో ఉంటావు కదా," అంది. నేను వినపడనట్టు రోడ్డు దాటించాను.

ఆబిడ్స్‌లో ఆదివారం దుకాణాలన్నీ మూసుంటాయి. మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. ఈ ఊళ్ళో నాకు అన్నిటికన్నా నచ్చే దృశ్యం ఇదే. వారమంతా నేను జనాల కళ్ళు సరిచేసే చోట, ఆదివారం జనం చేరి చదువుతుంటారు. మా దుకాణం షట్టర్ ముందు కూర్చునే పుస్తకాలాయన నన్ను చూసి చెయ్యెత్తి, నా స్నేహితురాలిని అడిగాడు.

"మేడం ఏడికెల్లి వచ్చిన్రు?"

"ఇప్పుడే అసెంబ్లీ దాకా వెళ్ళొచ్చామండీ," అంది ఆమె, బుద్ధిగా.

ఆయన పకపకా నవ్వాడు. "గట్ల కాదు మేడం! మీ ఊరేందని అడుగుతున్న."

నాకూ నవ్వాగలేదు. ఇక్కడ 'కెల్లి' అంటే 'నుంచి'. మా ఊరి చెవికి అది 'వెళ్ళి' అని వినిపిస్తుంది. నేను చేరిన మొదటి వారంలో మా యజమాని ఫోన్ చేసి, "స్టేషన్ కెల్లి రామ్మా, దగ్గరయితది," అన్నాడు. స్టేషన్ దారిలోంచి రమ్మని ఆయన ఉద్దేశం. నేను స్టేషన్‌కి వెళ్ళి రమ్మన్నాడనుకున్నాను. అద్దాల పార్సిలేదో తేవాలి కాబోలని, గంటసేపు పార్సిల్ ఆఫీసు ముందు నిలబడి అక్కడివాళ్ళతో గొడవ కూడా పెట్టుకున్నాను. విషయం తెలిశాక మా యజమాని తిట్టలేదు. కడుపు పట్టుకుని నవ్వి, "ఫికర్ చెయ్యకు, రెండు నెలలల్ల నువ్వే గిట్ల మాట్లాడ్తవ్," అని టీ తెప్పించాడు. ఆ టీ తాగుతూ ఏడ్చాను. అవమానంతో కాదు. తప్పు చేసినా వెలివెయ్యని ఊరొకటి దొరికిందని.

ఇదంతా చెబితే నా స్నేహితురాలు కూడా నవ్వింది. ఆ తరవాత అడిగింది. "మనూళ్ళో నిన్నెవరు వెలేశారే?"

"ఎవరూ వెయ్యలేదు. కానీ అక్కడ నేను ఎవరి చెల్లెల్ని, ఎవరి మరదల్ని అన్నది అందరికీ తెలుసు. ఇక్కడ ఎవరికీ తెలీదు, అయినా కూర్చోమంటారు."

ఆమె పుస్తకాల వైపు వంగింది. ఒక పాత వంటల పుస్తకం కొనుక్కుంది. అన్నం తిని, తిరిగి తిరిగి, కాళ్ళు లాగుతుంటే స్టేషన్‌కి చేరాం. పదకొండేళ్ళ స్నేహం. పాపం, బోర్డు మీద నా పేరే ముందు రాయిస్తానంది కూడా. రానంటే ఆమె ముఖం ఎలా చూడను? వస్తానంటే పొద్దున్నుంచీ నేను చూపించిన ఊరి ముఖం ఎలా చూడను?

బెంచీ మీద మూటతో కూర్చున్న ఒక ముసలమ్మ జరిగి మాకు చోటిచ్చింది. "కూసోండ్రి బిడ్డా," అని నా వైపు చూసి అడిగింది. "ఏడికెల్లి వచ్చిన్రు?"

"గీడికెల్లే అమ్మా," అన్నాను.

ఆలోచించి అనలేదు. తుమ్ము వచ్చినట్టు వచ్చేసింది. 'ఇక్కడి నుంచే' అన్నాను. విజయనగరం అనలేదు.

నా స్నేహితురాలు వంటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు పట్టాల వైపు చూసింది. ఆమెకు కళ్ళు నిండాయి, నాకూ నిండాయి. ఇతరుల కళ్ళు చూసే పని చేసేవాళ్ళం, ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకోలేకపోయాం.

"సర్లే. బోర్డు మీద ఒక పేరే రాయమంటాను," అంది చివరికి. "పెద్ద అక్షరాలతో."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. రాదేటి?" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రైలు కదిలాక కిటికీ చువ్వలకి ముఖం ఆనించి, ప్లాట్‌ఫారమంతా వినిపించేలా అరిచింది.

"ఏమే! కొట్టు తెరిచేనాటికి వస్తావా, గీడికెల్లి?"

నాకు నెలరోజులు పట్టిన మాటని ఆమె ఒక్కరోజులో సరిగ్గా వాడింది.