తొట్టికి రెండో పూత

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. భర్త కార్లకు రంగులు వేసే షెడ్డులో సగం జీవితం గడిపినవాడు. కీళ్లు బిగుసుకుపోయే జబ్బు పట్టుకున్నాక అతని లోకమంతా మూడో అంతస్తులోని రెండు గదులే అయింది. పొద్దున్నే స్నానాల తొట్టిలో వేడినీళ్లు నింపి కాసేపు పడుకోబెడితే తప్ప కాళ్లు చాచలేడు, చెంచా పట్టలేడు. కింది వాటాలో ఉండే ఆమె తమ్ముడు వచ్చి బావను దించడానికి ఓ చెయ్యి వేసేవాడు.

ఆ ఇనుప తొట్టి వాళ్లిద్దరికంటే పాతది. అడుగున తెల్లపూత పెచ్చులూడి తుప్పు బయటపడింది. అది గీసుకుని అతని వీపు పుండు పడింది. మానేలోపే ఇంకొకటి. ఇక దాంట్లో దించొద్దని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు.

ప్లంబరు వచ్చి చూసి పెదవి విరిచాడు.

“కొత్తది పెట్టాలంటే దీన్ని సుత్తితో పగలగొట్టాలక్కా. ఆ దెబ్బలకి ఈ గోడ నిలవదు. పైన పూత వేసుకోండి, అదే దారి.”

ఆమె ఆ రోజే పూత డబ్బా తెచ్చుకుంది. పక్కగదిలో మూలుగులు వింటూ తుప్పును పైపైన గీకి, పూత పూసేసింది. ఆరాల్సినన్ని రోజులు ఆగలేక నీళ్లు వదిలింది. పాల మీద మీగడలా పూతంతా లేచి వచ్చింది.

“వదిలెయ్. నన్నిలాగే ఉండనీ,” అన్నాడు భర్త.

“మీరుంటారు, నేనుండలేను. మీ మూలుగులు వింటూ మిషను తొక్కడం నా వల్ల కాదు.”

అతను స్నానాలగది వైపు తల తిప్పాడు. తర్వాత, “కుర్చీ తొట్టి దగ్గరికి లాగు,” అన్నాడు.

అతను చెప్పడం, ఆమె గరుకు కాగితంతో రుద్దడం. అతని వేళ్లకు స్పర్శ లేదు. అందుకని ఆమె తన నడుం పట్టుకుంటే వంగి, తొట్టి గోడకు చెంప ఆనించి చూసేవాడు.

“ఎడమ పక్క ఇంకా గరుకే.”

“నిన్నా ఇదే అన్నారు.”

“నిన్నా గరుకే మరి.”

రెండో పూత నున్నగా కుదిరింది. ఇక ఆరనివ్వాలి. ఆ రోజులే నరకం. వేడినీళ్లతో కాపడం పెట్టినా చాల్లేదు. అతను తువ్వాలు పళ్ల మధ్య బిగబట్టుకునేవాడు. ఒక పొద్దున ఇక తట్టుకోలేక బతిమాలాడు. “పాదాలు మునిగేంత చాలు. ఒక్కసారి.”

ఆమె స్నానాలగదికి తాళం వేసి, మెట్ల మీదికి వెళ్లి చెవులు మూసుకుని కూర్చుంది. తిరిగొచ్చేసరికి అతను కుర్చీలోంచి జారి, ఆ తలుపు దాకా పాక్కుంటూ వెళ్లి పడి ఉన్నాడు. తమ్ముణ్ని పిలిచి లేపించింది. తాళం మాత్రం తియ్యలేదు. ఇద్దరూ ఆ రోజంతా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

గడువు తీరాక నీళ్లు నింపి అతన్ని దించారు. పూత నిలిచింది. ఎడమకాలు నెమ్మదిగా సాగింది. కుడికాలు మాత్రం ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఉండిపోయింది. ఆమె ఎంత నిమిరినా రాలేదు.

“తాళం వేసి నేనే ఇలా చేశాను,” అంది.

అతను తొట్టి అంచు వైపు చూస్తున్నాడు.

“అక్కడ బుడగ లేచింది, చూశావా?”

“చూశాను.”

“బ్రష్షు తొందరగా లాగావు.”

ఆమె కళ్లు తుడుచుకుని, మరో చెంబుడు వేడినీళ్లు అతని భుజం మీద పోసింది.