శివకృష్ణ గీసిన రాగి గీతలు

ఉన్ అనే మగ్గాల పేటలో మా పక్కిల్లు శివకృష్ణది. వాళ్లింట్లో గ్యాస్ పైపుకు రెండు క్లిప్పులు, తలుపుకు రెండు తాళాలు, పప్పుల సంచికి ముడి మీద ముడి. ఇంత జాగ్రత్త మనిషితో కాపురం చేయడం ప్రసన్నకే చెల్లింది. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. కుర్రతనంలో సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసినప్పుడు కూడా, తెగిన దారానికి ఒక్క ముడి చాలదని రెండోది వేసేవాడు. ఆ లావు ముడి ఇరుక్కుని దారం మళ్లీ తెగేది. యజమాని తిట్టేవాడు. మనవాడు మూడో ముడి గురించి ఆలోచించేవాడు.

తర్వాత డిప్లొమా చదివి, సాంచ వదిలి, ఇంట్లోనే సర్క్యూట్ బోర్డులు తయారు చేయడం మొదలుపెట్టాడు. చీర మీది పువ్వు డిజైన్‌ను కంప్యూటర్ నుంచి నెట్ వైరు గుండా సాంచకు చేర్చే బోర్డులు. గీసేది అతను, సోల్డరింగ్ ప్రసన్న. అదే నగరంలో అమ్రోలి అనే ఇంకో పేటలో పరమేశ్ సేటు తన కార్ఖానాలో వాటిని పెట్టించాడు. ఇంట్లో టేబుల్ మీద బ్రహ్మాండంగా నడిచిన బోర్డు అక్కడ పొడవాటి వైరు తగిలించగానే మొరాయించింది. నెట్ తెగేది, పువ్వు సగంలో ఆగేది.

“ఆదివారం ఆఖరిసారి చూస్త. అప్పుడు గూడ ఆగితే బోర్డులన్నీ పీకేస్త. నువ్వు మల్ల సాంచ మీదికే రా, జాగ ఉంది,” అన్నాడు సేటు. ప్రేమగానే అన్నాడు. కానీ మళ్లీ సాంచ అంటే ఇన్నేళ్ల చదువూ పనీ గంగలో కలిసినట్టే. శివకృష్ణకు అన్నం సహించలేదు.

దోషం గీతలదేనని తేల్చుకున్నాడు. చిప్పు నుంచి వైరు దూర్చే సాకెట్ దాకా బోర్డు మీద నడిచే జంట రాగి గీతలవి, బొటనవేలంత పొడవు కూడా లేవు. ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కు తగిలే అడ్డు, దారి పొడుగునా ఒకేలా ఉండాలి, లేకపోతే సిగ్నల్ కొంత వెనక్కి కొడుతుంది. ఆ మాట నిజమే. అయితే అంత పొట్టి గీతలో, ఆ వేగానికి, వెడల్పు కాస్త అటూ ఇటూ అయినా సిగ్నల్ పట్టించుకోదు. శివకృష్ణ పట్టించుకున్నాడు. వెడల్పు మార్చాడు, ఎడం మార్చాడు, కొత్త బోర్డు తెప్పించాడు. పెళ్లి సంబంధం ఫొటో చూపినట్టు నాకు చూపించాడు.

“అన్నా, జర చూడు, ఎంత సాఫ్‌గ వచ్చిందో!”

నాకు రెండు గీతలు కనిపించాయి. బాగున్నాయన్నాను.

ఆదివారం మొగుడూ పెళ్లాం నన్నూ వెంటబెట్టుకుని అమ్రోలి వెళ్లారు. బోర్డు బిగించి వైరు తగిలించారు. సాంచ కదిలింది. ఒక పువ్వు పూర్తయింది, ఇంకోటి, ఇంకోటి. ఎంతసేపైనా ఆగలేదు.

“చూసినవా సేట్! అంతా గీతలల్లనే ఉంది!” అంటూ శివకృష్ణ ఇంపీడెన్స్ పాఠం ఎత్తుకున్నాడు. ప్రసన్న అతని చెయ్యి పట్టి పక్కకు లాగింది.

“సాకెట్ కాడి చిన్న రెసిస్టర్లు నేను పెట్టలే. ఖతమైనయ్. తెచ్చి పెడ్దామనుకున్న. నువ్వు అడగకుంటనే బోర్డు సంచిల ఏసుకున్నవ్.”

శివకృష్ణ వంగి సాకెట్ పక్కన ఖాళీ చోటు చూశాడు. సిగ్నల్ వెనక్కి కొట్టకుండా పెట్టే రెసిస్టర్లవి. ఆ చిప్పు లోపలే అవి ఉన్నాయి. ఆ సంగతి అతను చదివాడు కూడా. అయినా ఉంటే నష్టమేమిటని బయట ఇంకో జత పెట్టాడు. రెండు జతల బరువు మోయలేక సిగ్నల్ నీరసించింది, పొట్టి వైరులో ఎలాగో నెట్టుకొచ్చి పొడవు వైరులో చతికిలపడింది. గీతలు మొదటి నుంచీ బాగానే ఉన్నాయి పాపం.

“ఏమైందిరా?” అన్నాడు సేటు.

ఊరుకుంటే సరిపోయేది. నేనైతే ఊరుకునేవాణ్ణి. శివకృష్ణ సేటు వైపు తిరిగాడు.

“గీతలు కాదు సేట్. నేను ఎక్కువ పెట్టిన. ఆమె పెట్టలే, అందుకే నడుస్తంది.”

చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆ క్షణాన నాకు వాడంటే ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

సేటు నడుస్తున్న సాంచ వైపు చూసి, “అయితే అన్ని బోర్డులల్ల అవి పీకి తీసుకరా. పీకుడు మాత్రం ప్రసన్ననే పీకాలె, నువ్వు ముట్టకు,” అన్నాడు.

ఇక సాంచ మీదికి పోనక్కర్లేదని అర్థం కావడానికి శివకృష్ణకు కాస్త సమయం పట్టింది. అర్థం కాగానే నూలు మూట మీద కూలబడి భోరుమన్నాడు. ప్రసన్న పక్కన కూర్చుని కొంగుతో అతని ముఖం తుడిచింది.

“ముందే తెలిస్తే ఇంకో నాలుగు పార్టులు గూడ పెట్టకుండ ఇడిచిపెడ్దును,” అంది.