తోడికోడళ్ళ గొడవ, చిందుల మాస్టారు

మందుల ల్యాబులో చిందుల మాస్టారు మనుషులతో మాట్లాడేది తక్కువ, సీసాలను తిట్టేది ఎక్కువ. అసిటోనైట్రైల్ అనే ద్రావకం ఆయనకు అల్లుడుగారు. ఖరీదూ ఎక్కువే, అలకా ఎక్కువే. మెథనాలూ ద్రావకమే కానీ చవక, చెప్పిన పని చేస్తుంది కనక బావమరిది. పొద్దున్నే తలుపు తీయగానే మొదలు.

"ఏం అల్లుడుగారూ, మూత సరిగ్గా పెట్టుకోవడం కూడా మేమే నేర్పాలా?"

కొత్తగా చేరిన అమ్మాయికి ఒళ్ళు మండిపోయేది. ముందురోజు మూత వదులుగా పెట్టింది తనే మరి. సీసా మీద పెట్టి తననే అంటున్నాడని ఆమె నమ్మకం. ఉద్యోగం ఖాయమైన రోజునే మేనేజరుకు ఫిర్యాదు చెయ్యాలని పళ్ళు నూరుతూ తిరిగేది.

ఖాయం కావాలంటే ఒక గండం దాటాలి. ఒకే కుదురులో పుట్టిన రెండు యాంటీబయాటిక్కులు, ఒకటి అసలు మందు, ఇంకొకటి దాన్ని అంటుకుని వచ్చిన మలినం. ఆ రెంటినీ విడదీసి చూపాలి. సరైన ద్రావకంతో కాలమ్ అనే సన్నటి గొట్టంలోంచి పంపితే తెర మీద రెండు గుట్టలుగా లేవాలి. ఎన్నిసార్లు పంపినా ఒకే గుట్ట లేస్తోంది.

"ఎక్కడైనా తోడికోడళ్ళకు క్షణం పడదు. మీ ఇద్దరికీ ఎక్కణ్ణుంచి వచ్చిందే ఇంత ప్రేమ?" అని మాస్టారు తెర మీద విరుచుకుపడ్డాడు.

అదీ తననే అన్నట్టు అమ్మాయికి రోషం వచ్చింది. ఆయన భోజనానికి వెళ్ళగానే ఉప్పునీళ్ళలో కలిపే అసిటోనైట్రైల్ వాటా అమాంతం పెంచేసింది. నీళ్ళలో ఉన్న ఉప్పు అందులో కరగలేక గడ్డకట్టి, కాలమ్ పూడుకుపోయింది. యంత్రం కీచుమని అరిచింది. మేనేజరు పరుగున వచ్చాడు, వెనకే మాస్టారు.

"ఇంత ఖరీదైన కాలమ్ పాడుచేసిందెవరు?" అన్నాడు మేనేజరు, అమ్మాయినే చూస్తూ. ఉద్యోగం ఊడినట్టేననుకుంది ఆమె.

మాస్టారు సీసా మెడ పట్టుకున్నాడు. "మర్యాద చేస్తున్నాం కదా అని ఇల్లంతా ఆక్రమిస్తారా అల్లుడుగారూ? ఉప్పుతో మీకు పడదని తెలీదా?"

"నేనడిగింది మనిషి సంగతండీ."

"ఈ గదిలో తిట్లు సీసాలకే. మీకు మనిషే కావాలంటే పెద్దవాణ్ణి, నేనున్నాను. నా పేరు రాసుకోండి."

మేనేజరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

"గోరువెచ్చటి నీళ్ళు మెల్లగా పోనివ్వమ్మా. ఉప్పు కరిగాక అల్లుడుగార్ని కూర్చోబెట్టి బావమరిదిని పంపుదాం," అన్నాడు మాస్టారు. సాయంత్రానికి కాలమ్ తేరుకుంది. మెథనాల్ పంపాక తోడికోడళ్ళు రెండు గుట్టలుగా వేరుపడ్డారు.

"నన్నెందుకు తిట్టలేదు?" అంది అమ్మాయి, ఇంకా కోపంగానే.

"తిడితే చెయ్యి వణుకుతుంది. వణికితే కొలత తప్పుతుంది. సీసాకి చేతుల్లేవుగా."

ఆమె ఉద్యోగం ఖాయమైంది. ఫిర్యాదు సంగతి మరిచిపోయింది. ఆ వారంలోనే కళ్ళజోడు వెతుక్కుంటూ మాస్టారు మోచేత్తో గాజు ఫ్లాస్కును కింద పడేశాడు. అది భళ్ళుమంది. అందరూ తిరిగి చూశారు. ఆయన ముఖం చిన్నబోయింది.

అమ్మాయి నడుం మీద చేతులు వేసుకుని గాజుముక్కల ముందు నిలబడింది. "బల్ల అంచున కూర్చోవద్దని నీకెన్నిసార్లు చెప్పాలి? పెద్దాయన వస్తుంటే లేచి తప్పుకోవద్దూ?"

"ఇంకాస్త గట్టిగా తిట్టమ్మా," అన్నాడు మాస్టారు చీపురు అందుకుంటూ, "దానికి చెవుడు."