జొన్నచేనులో ముర్రుపాలు

1948 సెప్టెంబరు పద్నాలుగు, మంగళవారం. పొద్దు బారెడెక్కింది, ఎనిమిది దాటి ఉంటుంది. నకిరేకల్ దగ్గరి మా ఊళ్లో ఇళ్లన్నీ ఖాళీ. సూర్యాపేట దిక్కు నుంచి యూనియన్ సైన్యం వస్తోందని, పారిపోయే రజాకార్లు ఊళ్లు తగలబెడతారని విని అందరం చేలల్లో దాక్కున్నాం. జొన్నచేను నడుమ లచ్చమ్మకు ఆడపిల్ల పుట్టింది. మంత్రసానిని నేను.

అది ఆమెకు మూడో కాన్పు. ముందటి ఇద్దరు వారం తిరగకుండానే పోయారు. ఆ కాన్పులూ నేనే చేశాను. కాన్పు కాగానే వచ్చే చిక్కటి పసుపుపచ్చ పాలను ముర్రుపాలు అంటాం. అవి చెడ్డవని పిండి పారబోయించేదాన్ని. మూడు రోజులు బిడ్డ నోట్లో గుడ్డపేలికతో బెల్లంనీళ్లు, మేకపాలు పిండేవాళ్లం. ఇద్దరికీ విరేచనాలు పట్టుకున్నాయి. దిష్టి అన్నాను.

చేనులో మేక లేదు, బెల్లం లేదు. పాప ఏడుస్తోంది. సాలులో నిలిచిన వాననీళ్లలో పేలిక ముంచాను.

"ఆ నీళ్లు పొయ్యకక్కా," అంది లచ్చమ్మ. "నా పాలిస్త."

"మూడొద్దులు ఆగు పిల్లా, గవి ఇసం," అంది ఆమె అత్త ఎల్లమ్మ.

"బర్రె ఈనంగనే దుడ్డెను ముర్రుపాలకు ఇడుస్తవు గదత్తా. ఇడువకుంటే సస్తదని నువ్వే అంటవు. నా బిడ్డ దుడ్డె కన్న తక్కువనా?"

ఎల్లమ్మ నా దిక్కు చూసింది. "ఏమంటవు పోశవ్వా? ఇన్నేండ్ల సంది జేస్తున్నవు."

"నాకు తెల్వదు," అన్నాను. ఆ మాట అంతకుముందు ఏ ఇంట్లోనూ అనలేదు. పేలిక పారేసి బిడ్డను తల్లి రొమ్ముకు పట్టించాను.

నాలుగు రోజులు చేనులోనే ఉన్నాం. పాప తల్లిపాలు తప్ప ఏమీ ముట్టలేదు. వారం దాటింది, నెల దాటింది.

ఏళ్ల తర్వాత దవాఖాన నర్సు ముర్రుపాలను కొలొస్ట్రమ్ అంటారని, బిడ్డకు మొదటి రక్ష అవేనని చెప్పింది. పెద్దల మాటలన్నీ తప్పని నేననను. బాలింతను, బిడ్డను వెచ్చగా ఉంచమన్నది మేలే చేసింది. ముర్రుపాలు పారబోయమన్నది పిల్లల్ని చంపింది. అందులో నాకూ వాటా ఉంది. అయినా లచ్చమ్మ ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు, తర్వాతి రెండు కాన్పులకూ నన్నే పిలిచింది. ఆమె నేర్పిన పనే ఆ తర్వాత ప్రతి ఇంట్లో చేశాను. ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

ఆ రోజు అక్కడున్నవాళ్లు: లచ్చమ్మ, అత్త ఎల్లమ్మ, గట్టు మీద కావలి కాసిన లచ్చమ్మ పెనిమిటి మల్లయ్య, పోశమ్మనైన నేను, అప్పటికింకా పేరు లేని బాలమ్మ.