చోప్ చేసిన కుర్చీ

మా ప్రభుత్వ శాఖలో ప్రయాణాలు తగ్గించే కమిటీ అని ఒకటుంది. సిబ్బంది ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి టాక్సీల్లో తిరిగి గాలి పాడుచేస్తున్నారని దాన్ని పెట్టారు. ఆ కమిటీ సమావేశానికి ప్రతి సోమవారం క్లెమెంటి నుంచి, టోవా పాయో నుంచి అందరూ టాక్సీలెక్కి పాయా లేబర్‌లో ఉన్న మా ఆఫీసుకి వచ్చేవారు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కుమారమ్మ ఆంటీ ఒక్కతే రైల్లో వచ్చేది. ఆవిడ ముత్తాత ఎప్పుడో విశాఖపట్నంలో ఓడెక్కి ఈ దీవి దేశంలో దిగాడు. ఆవిడ ఇక్కడే పుట్టి, క్లెమెంటి ఆఫీసులోనే జుట్టు నెరిసిన మనిషి. ప్రభుత్వ భవనాల్లో కరెంటు వృథా అవుతోందేమో చూడటం ఆవిడ ఉద్యోగం. ఖాళీ గదిలో ఏసీ తిరుగుతూ కనబడిందా, అది ఎంత పెద్ద ఆఫీసరు గదైనా సరే, నిలబెట్టి కడిగేసేది.

ఆవిడకి రిటైరయ్యే వయసు వచ్చింది. ఆ తర్వాత కూడా ఇక్కడ ఏడాదికోసారి ఒప్పందం రాసుకుని పనిలో ఉండొచ్చు. ఆంటీ ప్రాణమంతా ఆ ఒప్పందం మీదే ఉంది. దాని మీద సంతకం పెట్టాల్సింది మా డైరెక్టర్ సుధాకరరావుగారు. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది. చెడ్డ మనిషేం కాదు. కాకపోతే కళ్ళెదురుగా కూర్చున్నవాళ్ళే పనిచేస్తున్నట్టని ఆయన నమ్మకం.

ఒక సోమవారం కుండపోతగా వాన. పోర్టికో కింద టాక్సీల వరుస, వాటి ముందు లోపలి చల్లదనం పోకుండా ఇంజన్ ఆపని సార్ కారు. స్టేషన్ నుంచి తడుస్తూ నడిచొచ్చిన ఆంటీ ఆయన్ని అక్కడే పట్టుకుంది.

"సార్, ముందు తగ్గించాల్సింది ఈ మీటింగే సార్. స్క్రీన్‌లో మాట్లాడుకుంటే పోదా? రానూ పోనూ నా పొద్దంతా పోతోంది. ఆ టైంలో రెండు బిల్డింగులు చూసొస్తాను."

"ఫేస్ టు ఫేస్ ఉంటే ఆ కమిట్‌మెంటే వేరు కుమారమ్మగారూ. మీ కుర్చీ ఖాళీగా ఉంటే నాకు కనపడుద్ది. రెన్యూవల్ అప్పుడు గుర్తొస్తది మరి."

"సరి సార్. ఖాళీగా ఉంచనులెండి," అంది ఆంటీ.

ఆ రోజు వెళ్ళేటప్పుడు నా చేతిలో ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టింది. "కాత్యాయనీ, వచ్చే సోమవారం దీన్ని నా కుర్చీలో పెట్టమ్మా."

తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో తిండి కోసం వరుసలో నిలబడే ముందు మనం సీటు మీద పెట్టే ప్యాకెట్టే అది. సీటు అలా ఆపుకోవడాన్ని ఇక్కడ చోప్ చేయడం అంటారు. ప్యాకెట్ ఉన్న సీటు జోలికి ఈ దేశంలో ఎవరూ పోరు.

సోమవారం ఆవిడ కుర్చీలో ప్యాకెట్, గోడ మీది స్క్రీన్‌లో ఆవిడ. సార్ మొహం గంటు పెట్టుకున్నారు. మరుసటి వారం టోవా పాయో నుంచి శ్రీనాథ్ తనకీ పక్క సీటాయనకీ కలిపి రెండు ప్యాకెట్లు పంపాడు. నెల తిరిగేసరికి గదినిండా ప్యాకెట్లు, పోర్టికోలో సార్ కారొక్కటే.

ఒక వారం ఆయన విసురుగా వచ్చి, ఆంటీ ప్యాకెట్ తీసి బల్ల మీదకి గిరాటేసి, ఆ కుర్చీలోనే కూర్చున్నారు. స్క్రీన్‌లోంచి ఆంటీ గొంతు కూడా పెంచలేదు.

"సార్, దట్ సీట్ చోప్ అల్రెడీ లా."

ఆయన లేచి నిలబడ్డారు. లేవాలని లేచారనుకోను. ఇరవై ఏళ్ళు ఇక్కడి హాకర్ సెంటర్లలో తిన్న మనిషి మరి. నేను బాత్రూంలోకి పోయి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

తర్వాత నవ్వే పని లేకుండా పోయింది. ఒప్పందం వచ్చింది. ప్రతి సోమవారం స్వయంగా పాయా లేబర్‌కి రావాలని అందులో షరతు పెట్టారు. నేను ఆంటీకి ఫోన్ చేసి బతిమాలాను.

"సంతకం పెట్టేయండి ఆంటీ. వారానికి ఒక్క రోజేగా."

"ఈ పనంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు కదమ్మా. కానీ ఊరందరి స్విచ్చులూ నేను ఆపించాను. ఇప్పుడు ఆయన నా మొహం చూసుకోడానికి నేను ఊరు చివర్నించి రావాలా? రాను. సంతకం పెట్టకుండానే పంపించేశాను."

ఆ మాట అంటూనే ముక్కు చీదింది. ఏడుస్తోందని నాకు తెలిసింది. నాకూ ఏడుపొచ్చింది, అంతకు మించి కోపమొచ్చింది.

ఆవిడ మానేశాక వచ్చిన మొదటి సోమవారం అందరికంటే ముందు నేను గదిలోకి వెళ్ళాను. ఆవిడ కుర్చీలో ప్యాకెట్ పెట్టాను. క్లెమెంటి వాళ్ళూ, టోవా పాయో వాళ్ళూ అందరూ స్క్రీన్‌లోనే ఉన్నారు. ఒక్కరూ టాక్సీ ఎక్కలేదు. సార్ వచ్చి కుర్చీ వైపు చూశారు.

"ఆవిడ ఇంక రారు కదమ్మా?"

"చోప్ చేశారు సార్."

ఆయన వెళ్ళి వేరే చోట కూర్చున్నారు. ఆ కుర్చీలో అప్పట్నించి ఇప్పటిదాకా ఎవరూ కూర్చోలేదు. ఈ మాట ఆంటీకి చెబితే చాలాసేపు నవ్వింది.

"ప్యాకెట్‌కి దుమ్ము పట్టుంటది. కొత్తది మార్చమ్మా," అంది.