పంపు తప్పా, పాదం తప్పా

ఆ వీధిలో అందరూ ఆమెను కర్టెన్లమ్మ అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లుగా ముందు గదిలో మిషను వేసుకుని కర్టెన్లు, దిండు గలీబులు, పరుపు కవర్లు కుడుతున్న మనిషిని ఇంకేమని పిలుస్తారు? పోస్టుమాన్‌కి కూడా అసలు పేరు చెబితే ఒక క్షణం ఆలోచిస్తాడు.

ఆమె కారు నేర్చుకోవాలనుకోవడానికి కారణం సరదా కాదు, మూటలు. ఊరి అవతలి చివర కొత్తగా పెట్టిన హాస్టలు వార్డెను వారం వారం పని ఇస్తానంది. చిరిగిన దుప్పట్లు, గలీబులు బాగుచెయ్యాలి, కొత్తవి కుట్టాలి. షరతు ఒక్కటే. మూటలు తీసుకెళ్ళడం, తెచ్చివ్వడం ఆమే చూసుకోవాలి. బస్సులో వెళ్తే కండక్టరు మొహం మాడ్చుకునేవాడు. "మీకో సీటు, మీ మూటకో సీటు. మరి జనం నా నెత్తిమీద కూర్చోవాలా అమ్మా?" అనేవాడు. కొడుకుని అడుగుదామంటే వాడి డ్యూటీ ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. అందుకని యాభై ఎనిమిదో ఏట ఆమె స్టీరింగు పట్టుకుంది.

నేర్పేందుకు ఎక్కడికో పోనక్కర్లేదు. కోడలే డ్రైవింగ్ టీచరు. ఒక చిన్న కారు, నెత్తిన పసుపు బోర్డు, అదే ఆమె స్కూలు. మధ్యాహ్నాలు బండి ఖాళీ. అలా ఆ ఇంట్లో కొత్త ఏర్పాటు మొదలైంది. కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో అత్త చెప్పేది, కారులో కాలు ఎంత నొక్కాలో కోడలు చెప్పేది. ఇంట్లో "అత్తయ్యా, ఇది చాలా?" అని అడిగే పిల్ల, కారులో కూర్చోగానే "అత్తయ్యా, అద్దం చూడరేం?" అని గదమాయించేది. కర్టెన్లమ్మ దీన్ని లోలోపల సరదాగానే తీసుకుంది.

మొదటిసారి టెస్టులో రివర్సు చేస్తూ హద్దుకి పాతిన కర్ర పడగొట్టింది. అందులో వాదించడానికేం లేదు. కర్ర పడింది, అందరూ చూశారు. రెండోసారి సంగతే వేరు. ఎత్తు ఎక్కుతూ ఉండగా సగంలో ఇంజను ఆగిపోయింది. మళ్ళీ తాళం తిప్పితే వెంటనే అందుకోలేదు. ఆఫీసరు చెయ్యి ఊపి దిగిపొమ్మన్నాడు.

"నేను క్లచ్చి వదల్లేదమ్మాయ్," అంది ఆమె ఇంటికొస్తూ. "వదిలితే బండి ఎగిరిపడుతుంది కదా. ఇది ఎగరలేదు. నీరసపడి ఆగిపోయింది."

"బండికి నీరసమేంటి అత్తయ్యా, జ్వరమొచ్చిందా?" అని నవ్వింది కోడలు. "కాలు తెలీకుండా జారుంటుంది. ఆగిన ప్రతివాళ్ళూ బండినే అంటారు."

ఆమె ఆ మాట ఇంకోసారి అంది. కోడలు ఇంకోసారి నవ్వింది. తర్వాత ఇక అనలేదు. అనకపోగా, కొన్నాళ్ళకి కోడలి మాటే నిజమనుకుంది. ముప్పై ఏళ్లు మిషను తొక్కిన కాలు అది. ఎంత తొక్కితే సూది ఎన్ని కుట్లు వేస్తుందో దానికి తెలుసు. అలాంటి కాలు తనకి చెప్పకుండా జారిందంటే వయసు మీద పడిందన్నమాటే. కుట్టుకుంటూ కుట్టుకుంటూ మధ్యలో ఆగి, ఆ కాలి వంక అనుమానంగా చూసేది.

మూడో టెస్టు సోమవారం పొద్దున. అందులో పోతే లర్నర్ లైసెన్సు గడువు కూడా అయిపోతుంది. మళ్ళీ మొదటినుంచీ రావాలి. వార్డెను అంతవరకూ ఆగదు. "సోమవారం సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పెయ్యండి. ఇంకో ఆవిడ అడుగుతోంది," అని ముందే చెప్పేసింది.

ఆదివారం పొద్దున బండి స్టార్టు కాలేదు.

కోడలు తాళం తిప్పింది. ఇంజను తిరుగుతోంది గాని అందుకోవట్లేదు. "అందరూ కాసేపు నోరు మూసుకోండి," అంది. నోరు తెరిచినవాడు ఆమె మొగుడొక్కడే. తాళం సగం తిప్పి వింది. ఆపి, మళ్ళీ తిప్పి వింది.

"వెనక సీటు కింద జుయ్‌మని ఒక మూలుగు వినపడాలి అత్తయ్యా. వినపడట్లేదు. ట్యాంకులోంచి ఇంజనుకి పెట్రోలు తోడే పంపు పోయింది."

ఫ్యూజు చూసింది, బాగానే ఉంది. మెకానిక్కుకి ఫోను చేస్తే ఊళ్లో లేనన్నాడు. మిగతా షెడ్లకి ఆదివారం సెలవు. పెళ్ళికి ముందు రెండేళ్లు తండ్రి షెడ్డులో పనిచేసిన పిల్ల కాబట్టి, కాసేపు నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి, "నేనే మారుస్తాను," అంది. విడిభాగాల షాపాయన షాపు మీది వాటాలోనే ఉంటాడు. మొగుణ్ణి స్కూటరు మీద అక్కడికి తోలింది.

కర్టెన్లమ్మ వచ్చి బండి మీద చెయ్యి వేసింది. "సాయంత్రానికి అవుతుందా?" అని మాత్రం అడిగింది.

"అవుతుంది. ట్యాంకులో పెట్రోలు తక్కువుంటే పని తేలిక. మన బండిలో ఎప్పుడూ అడుగునే కదా ఉండేది."

కర్టెన్లమ్మ కొంగు సర్దుకుంది. "నిన్న నేను నింపించాను."

"ఎంత?"

"నిండా."

కోడలు నెత్తి పట్టుకుంది. "ఎందుకు అత్తయ్యా?"

"టెస్టు మధ్యలో ఆగిపోతే? కాలు సంగతి నా చేతుల్లో లేదు. కనీసం పెట్రోలైనా నిండుగా ఉంటుందని."

కోడలు ట్యాంకు మూత వంక చూసింది. ఆమె ఎప్పుడూ బండిని చుక్కల మీద నడిపే మనిషి. పొద్దున ఎంత తిరిగితే అంతే పోయించేది.

ఇంతలో పంపు పెట్టె పట్టుకుని కొడుకు వచ్చాడు. బండిని ముగ్గురూ కలిసి వరండా ముందునుంచి వీధివైపు తోశారు. వంటింటి కిటికీ దగ్గరగా ఉంటుందని పొయ్యి ఆర్పించింది కోడలు. మధ్యాహ్నం అందరికీ బ్రెడ్డూ అరటిపళ్ళే అని అప్పుడే తేలిపోయింది. ఫోన్లన్నీ లోపల పెట్టించింది. బ్యాటరీ తీగ విప్పింది.

"నేనేం చెయ్యాలి టీచరుగారూ?" అన్నాడు కొడుకు.

"మీరు ఖాళీ డబ్బాలు తేవాలి. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు కాదు, పెట్రోలుకి పనికొచ్చేవి."

ఇంట్లో ఉన్నది ఒకటే. మిగతావి వీధిలో అడగాల్సొచ్చింది. పక్కింటి పెద్దాయన రెండు డబ్బాలు స్వయంగా మోసుకొచ్చి, పని అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. సన్నటి గొట్టంతో, చేత్తో నొక్కే రబ్బరు బుడ్డితో ట్యాంకులోంచి పెట్రోలు తోడుతుంటే ఆయన కళ్ళు డబ్బా మీదే ఉన్నాయి.

"నా స్కూటరు ట్యాంకు ఖాళీగానే ఉందమ్మాయ్. కావాలంటే కాస్త దాచిపెడతాను."

"మీ స్కూటర్లో దాస్తే మళ్ళీ మాకు కనపడదు బాబాయిగారూ."

"అయ్యో, నమ్మకం లేకపోతే ఎలా? అక్కయ్యా, మీ కోడల్ని చూడండి."

"నేను చూస్తూనే ఉన్నాను," అంది కర్టెన్లమ్మ. "మీరు కాస్త ఆ డబ్బా మూత పెట్టండి."

ట్యాంకు సగానికి పైగా ఖాళీ అయ్యాక కోడలు వెనక సీటు పైకి లేపి బయట పడేసింది. దాని కింద రేకు మూత, నాలుగు స్క్రూలు. మూత చుట్టూ ఏళ్ళనాటి దుమ్ము.

"ముందిది తుడవాలి. ఒక్క పిసరు దుమ్ము కూడా ట్యాంకులో పడకూడదు. పాతగుడ్డలున్నాయా అత్తయ్యా?"

కర్టెన్లమ్మ ఇంట్లో గుడ్డముక్కలకి కరువా? ఒక సంచి తెచ్చింది. పువ్వులది, చారలది, ఎవరి పడగ్గది కర్టెను మిగులో తెలియని నీలం గుడ్డ. ఆమే వంగి తుడిచింది. రేకు మూత తీశాక పంపు తల కనిపించింది. దాన్ని పట్టి ఉంచేది పెద్ద సీసామూతలా తిరిగే ప్లాస్టిక్ రింగు. ఇనుముతో కొడితే నిప్పురవ్వ లేస్తుందని కోడలు చెక్కముక్క ఆనించి, దాని మీద మెల్లగా తట్టింది. రింగు బిగదీసుకుని కూర్చుంది. అటునుంచి తట్టింది, ఇటునుంచి తట్టింది. చెమట ముక్కు చివరిదాకా వచ్చింది. చివరికి రింగు కిర్రుమని కదిలింది.

పంపుని నిటారుగా లాగకుండా, పక్కకి వాల్చి, దానికి వేలాడే సన్నటి తీగ వంగకుండా బయటికి తీసింది. పెట్రోలు ఎంతుందో మీటరు ముల్లుకి చెప్పేది ఆ తీగే. తడి కారుతున్న పంపుని గుడ్డమీద పెట్టి తిప్పి చూసింది. అడుగున జల్లెడ నల్లబడి జిడ్డు పట్టింది. తీగలు కలిసే చోట ప్లాస్టిక్ కాలి గోధుమరంగుకి తిరిగింది.

"ఇది నిన్నా ఇవాళా పోయింది కాదు," అంది కోడలు మెల్లగా. "రెండు మూడు నెలలనుంచీ చస్తూ బతుకుతోంది. పెట్రోల్లో మునిగి ఉంటేనే దీనికి చల్లదనం. నేనేమో ఎప్పుడూ అడుగున ఉంచే తిప్పాను. వేడెక్కి వేడెక్కి పాడైంది. ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలు సరిగా అందించి ఉండదు."

మాట అయ్యాక ఆమె తల ఎత్తలేదు. కర్టెన్లమ్మ చేతిలో గుడ్డని మడతపెట్టింది. ఇద్దరూ ఒకే రోజు గురించి ఆలోచిస్తున్నారని ఇద్దరికీ తెలుసు. అది పైకి అనకూడదని తెలియనివాడు కొడుకొక్కడే.

"అయితే రెండోసారి అమ్మ ఫెయిలయ్యింది..."

"మీరు ఆ కొత్త పెట్టె విప్పండి," అంది పెళ్ళాం.

తన కాలు జారలేదన్నమాట. ఇది తెలిస్తే సంతోషం పొంగిపోతుందనుకునేది కర్టెన్లమ్మ. పొంగలేదు. ఇన్నాళ్ళూ తప్పు కాలి మీద వేసుకుంది, ఇప్పుడది పంపు మీదికి పోయింది. బాగానే ఉంది. కాని రేపు కొత్త పంపుతో వెళ్ళాక బండి ఆగితే? అప్పుడిక అనడానికి ఏమీ మిగలదు. అసలు తనకి తేడా తెలుసా, లేక ఆ రోజు నోటికొచ్చిన మాట నిజమై కూర్చుందా?

కొత్త పంపు దింపే ముందు కొత్త రబ్బరు చుట్టు వెయ్యాలి. కోడలు వేస్తే ఒక పక్క కూర్చుంటే ఇంకో పక్క లేస్తోంది. మూడుసార్లు వేసి, విసుగొచ్చి ఊపిరి వదిలింది.

"ఇలా ఇయ్యి," అంది కర్టెన్లమ్మ. దిండుకి అంచుతాడు కుట్టేటప్పుడు మూలల్లో చేసినట్టు, ఒకచోట మొదలుపెట్టి లాగకుండా, ఎదురెదురు వైపులా వేలితో నొక్కుతూ పోయింది. రబ్బరు గాడిలో పడుకుంది. కోడలు పంపు దింపి రింగు బిగించింది, గొట్టాలు తొడిగింది, తీగలు పెట్టింది, బ్యాటరీ తీగ మళ్ళీ బిగించింది.

"ఇప్పుడు వినండి." తాళం సగం తిప్పింది.

జుయ్‌మంది. రెండు క్షణాలు మూలిగి ఆగింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ మూలిగింది. గొట్టాల దగ్గర గుడ్డ పెట్టి చూస్తే తడి లేదు. మూడోసారి పూర్తిగా తిప్పింది. ఇంజను అందుకుంది. పక్కింటి పెద్దాయన ఏదో తానే బాగుచేసినట్టు తృప్తిగా తల ఊపి, తన డబ్బాల కోసం చెయ్యి చాపాడు. తోడిన పెట్రోలు మళ్ళీ ట్యాంకులో పోసే సరికి మధ్యాహ్నం దాటింది.

ఎండ తగ్గాక అత్తాకోడళ్ళు బయల్దేరారు. నీళ్ళ ట్యాంకు వెనక ఒక ఎత్తు రోడ్డు ఉంది, టెస్టు పెట్టే చోటులాగే ఉంటుంది. కర్టెన్లమ్మ సగందాకా ఎక్కించి, ఆపి, మళ్ళీ కదిలించబోయింది. బండి ఒక్కసారి ముందుకి ఎగిరిపడి ఆగిపోయింది.

కోడలి కాలు తన వైపున్న టీచరు బ్రేకు మీద, చెయ్యి అప్పటికే తలుపు మీద. "తీగలు సరిగా కూర్చోలేదేమో. దిగండి, సీటు తీసి చూస్తాను."

"ఆగమ్మాయ్. పంపు కాదు."

"మీకెలా తెలుసు?"

"ఎగిరింది చూశావా? ఇది నా కాలే. తొందరపడి వదిలేశాను."

ఆ మాట నోటినుంచి వచ్చాక గాని తాను ఎంత నిబ్బరంగా అందో ఆమెకే తెలియలేదు. తేడా తెలుసు. అప్పుడూ తెలుసు. ఇప్పుడు తప్పు తనదే గాని, దాని మీద కోపం కూడా రాలేదు. తాళం తిప్పింది, కాలు నెమ్మదిగా లేపింది. బండి వెనక్కి జారకుండా కదిలి పైకి వెళ్ళింది.

పైన రోడ్డు పక్కన ఆపించి కోడలు అంది: "ఆ రోజు మీరు చెప్పారు. నేను వినిపించుకోలేదు."

"వినిపించుకునుంటే ఆ రోజే పంపు మార్చేదానివి. ఆదివారం పూట నా గుడ్డముక్కలన్నీ తగలేసేదానివి కాదు."

"నిజంగానే అంటున్నా అత్తయ్యా. తప్పు నాది."

"సరే, నీది. ఇప్పుడు దిగువకి పోనివ్వనా, మళ్ళీ ఎక్కాలి."

చీకటి పడేలోగా ఆ ఎత్తు చాలాసార్లు ఎక్కారు. ఇంకో రెండుసార్లు ఎగిరి ఆగింది. ఆగిన ప్రతిసారీ కోడలు నోరు తెరిచే లోపే అత్త "నాదే" అనేది. తర్వాత ఆగడం మానేసింది.

సోమవారం టెస్టులో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. ఎత్తు దగ్గర ఇంజను కాస్త వణికింది. ఆ వణుకు దేనిదో ఆమె కాలికి అర్థమైంది. మరో పిసరు తొక్కింది. బండి ఎక్కింది. కర్రలన్నీ నిలబడే ఉన్నాయి. ఆఫీసరు కాగితం మీద గీత గీసి, "చాలమ్మా, దిగండి," అన్నాడు. అది మంచి మాటో చెడ్డ మాటో తెలియక ఆమె స్టీరింగు పట్టుకునే ఉంటే, "పాసయ్యారు. వెనక బండి వాళ్ళు ఆగున్నారు," అని చెప్పాల్సొచ్చింది.

గేటు దగ్గర కోడలు గోడకానుకుని గోళ్ళు కొరుక్కుంటోంది. "ఏమైంది అత్తయ్యా?"

"కార్డు ఇంటికి పంపిస్తారట."

కోడలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. కర్టెన్లమ్మ ఆమెను అలాగే కాసేపు ఉండనిచ్చి, "ఎక్కు," అంది.

"ఇంటికేనా?"

"హాస్టలు మీదుగా. ఆ వార్డెను ఇంకో ఆవిణ్ణి పిలిచేలోగా చెప్పాలి. మూటలుంటే ఇవాళే వేసుకొచ్చేద్దాం, వెనక సీటు ఖాళీయేగా."

కోడలు పక్కన కూర్చుంది. అద్దం చూడమని చెప్పబోయి ఆగింది. కర్టెన్లమ్మ అప్పటికే చూస్తోంది.