హెస్టర్ రాసిన ముగింపు

హెస్టర్ క్విలియమ్ మా లడ్లో ఊళ్లో జనం ఆనెకాయలు కోసి, గోళ్లు సరిచేసి బతికే మనిషి. గురువారాలు చర్చి హాల్లో మా ఐదుగురి బృందంలో వయల్ వాయించేది. వయల్‌ను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయిస్తారు. చిన్నవీ పెద్దవీ ఉంటాయి. ఆమెది అన్నిటికన్నా పెద్దది.

మేం వాయించేవన్నీ నాలుగు వందల ఏళ్లనాటివి. కొత్తదొకటి ఉండాలని టోబియాస్ రెన్ అనే స్వరకర్త చేత రాయించుకున్నాం. అతని రచనలో ఒక్కో భాగం అవగానే ఎవరి వయల్‌ను వాళ్లు ఎడమపక్క వాళ్లకు అందించాలి. కచేరీలో అలాగే చేశాం. పిల్లులు కొట్టుకున్నట్టే ఉందని పాస్టరుగారి భార్య మెచ్చుకుంది. తీరా చూస్తే హెస్టర్ ఒళ్లో అన్నిటికన్నా చిన్న వయల్ మిగిలింది. ఆమెది ఆంబ్రోజ్ పైక్ దగ్గర తేలింది. ఆంబ్రోజ్ తూనికలు కొలతల శాఖలో రిటైరైనవాడు, మామూలుగా మా బృందంలో మధ్యస్వరం వాయించేవాడు.

"నాది ఇటివ్వు ఆంబ్రోజ్."

"ఇవ్వమని ఎక్కడ రాశాడు? చివర జంటగీత కూడా లేదు చూడు. పాట ఇంకా అవలేదు హెస్టర్."

నిజంగానే, పాట అయిపోయిందని చూపే ఆ రెండు నిలువు గీతలు కాగితం చివర లేవు. టోబియాస్‌కు ఫోన్ చేస్తే, ముగింపు ఇంకా తట్టలేదనీ, ప్రస్తుతం సాక్సోఫోన్లకు రాస్తున్నాననీ చెప్పాడు. చేసేదేముంది, అందరం పరాయి వాద్యాలతో ఇళ్లకు పోయాం.

చలికాలమంతా హెస్టర్ లావు వేళ్లతో ఆ చిన్నదానితో కుస్తీ పట్టింది. తన వయల్‌ను ఆంబ్రోజ్ వాయిస్తుంటే, కన్నబిడ్డ ఎదురింట్లో అన్నం తింటున్నట్టు చూసేది. చివరికి తనే ఒక ముగింపు రాసుకొచ్చింది. ఆంబ్రోజ్ కళ్లజోడు పెట్టుకుని చదివి, రెండు స్వరాల వరసలు ఒకే ఎడంలో జంటగా నడుస్తున్నాయని, సంప్రదాయం ప్రకారం అది తప్పని తేల్చాడు.

"టోబియాస్ రాసినదాంట్లో మనం వయల్ చెక్కమీద గోళ్లతో గీకాం కదయ్యా. అక్కడ లేని సంప్రదాయం నా దగ్గరే గుర్తొచ్చిందా?"

"అది అతని శైలి. ఇది నీ తప్పు."

హెస్టర్ లైబ్రరీ పుస్తకం తెచ్చుకుని స్వరాలు అల్లడం నేర్చుకుంది. ఒళ్లో ఎవరిదో పాదం పెట్టుకుని రెండు వరసలూ గొణుక్కునేది. ఆ ధ్యాసలో ఒకావిడకు బాగున్న బొటనవేలికి కట్టు కట్టి పంపింది.

వసంతంలో ఆమె ముగింపు వాయించాం. నెమ్మదిగా, దిగులుగా ఉంది. ఆంబ్రోజ్ తప్పు వెతకడం మరిచిపోయాడు. ఆమె రాసినట్టే వాద్యాలు మళ్లీ చేతులు మారి ఎవరివి వాళ్లకు చేరాయి. హెస్టర్ తన వయల్ మెడమీద చెయ్యేసుకుని కాసేపు కళ్లు మూసుకుంది.

"ఇంకోటి రాస్తావా? అందులో పెద్దది నాకివ్వాలి," అన్నాడు ఆంబ్రోజ్, చూపు ఎటో పెట్టి.

"రాస్తా. ముందు నువ్వొకటి కొనుక్కో."

కొన్నాడు. ఇప్పుడు మాకు పెద్ద వయల్‌తో అడుగుస్వరం వాయించేవాళ్లు ఇద్దరు. మధ్యస్వరానికి మనిషి కోసం వెతుకుతున్నాం.